నల్ల తుమ్మెద మీద పడ్డ నింద

2022 భాద్రపదం. ముహూర్తాలుండని నెల కనుక జనగామలోని మా ఫోటో స్టూడియోకు తాళం వేసి, మొగుళ్లపల్లి దగ్గర ఒక ఊళ్లో మకాం పెట్టాను. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఇద్దరు అధ్యాపకులు మా చుట్టుపక్కల అడవి పూల మీద పుస్తకం తెస్తున్నారు, ఫోటోలు నావి. ప్రతి పువ్వుతో పాటు దాని మీద వాలే పురుగు కూడా పుస్తకంలో ఉండాలన్నది నా షరతు. పెళ్లికొడుకు లేకుండా పెళ్లి ఆల్బం ఎవరైనా చేస్తారా?

ఈ పని చూడ్డానికి అందంగా ఉండదు. మాక్రో లెన్స్ చీమంత దాన్ని చేటంత చేసి చూపిస్తుంది కానీ, పువ్వుకు జానెడు దూరంలోకి తల తీసుకెళ్లాలి. బోర్లా పడుకోవాలి, ఊపిరి బిగబట్టాలి. యాభైకి దగ్గరపడ్డ ఆడమనిషి గట్టు మీద అలా పడుకుంటే దారిన పోయే ప్రతివాడి దగ్గరా ఒక సలహా ఉంటుంది.

“ఎండదెబ్బ తాకినట్టున్నది, మొఖం మీద నీళ్లు చల్లుండ్రి” అన్నాడొక పెద్దమనిషి.

“నాకెందుకు బాపూ, నీ నోట్లె పోసుకో” అన్నాను. మళ్లీ అటు రాలేదు.

ఆ గట్టుకు ఇటువైపు సారక్క అరెకరం వంగతోట. భర్త పోయాక ఆమె ఇల్లు ఆ కాయల మీదే నడుస్తోంది. అటువైపు ఆమె మరిది ఐలయ్య పత్తి. మధ్యలో, ఇక్కడివాళ్లు ఒడ్డు అనే ఆ గట్టు నిండా తంగేడు విరగబూసి ఉంది. మూడో రోజు పొద్దున ఐలయ్య గడ్డిమందు పంపు వీపుకు తగిలించుకుని వచ్చాడు.

“జర లే మేడం, ఒడ్డుకు మందు కొట్టాలె.”

“ఎందుకు?”

“ఎందుకేంది? గా నల్ల తుమ్మెదల జూస్తలేవా? నా మోటరు కొట్టం వాసాలన్ని తొలిచినయి. గిప్పుడు మా వదినె వంకాయల మీద వడ్డయి. తంగేడు వోతే గవ్వి గూడ పోతయి.”

సారక్క ఒడి నిండా పుచ్చిన వంకాయలు పట్టుకుని నిలబడింది. “నిజమేనా అక్కా? సగానికి సగం గిట్లనే వోతున్నయి.”

ఐలయ్య తెలివితక్కువవాడు కాడు. తుమ్మెద కర్రను తొలవడం కళ్లారా చూశాడు. కర్రను తొలిచేది కాయను తొలవదా అనుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు.

“వాసంల బొక్కకు నీ వేలు వడుతది. ఈ కాయ బొక్కకు అగ్గిపుల్ల గూడ కష్టమే. అంత లావు తుమ్మెద ఈ బొక్కల నుంచి ఎట్ల దూరింది ఐలయ్యా?” అన్నాను.

“చిన్నగున్నప్పుడు దూరిందేమో.”

ముందురోజు తీసిన ఫోటో చూపించాను. వంగపువ్వును పట్టుకుని వేలాడుతున్న తుమ్మెద, దాని రొమ్ము నిండా పసుపు పుప్పొడి. వంగపువ్వుకూ తంగేడు పువ్వుకూ పుప్పొడి తిత్తి కొసన సన్నటి రంధ్రాలుంటాయి, ఉప్పు డబ్బా మూతకు ఉన్నట్టు. తుమ్మెద పువ్వును పట్టుకుని గుయ్యిమని వణికిస్తే తప్ప పొడి సరిగా రాలదు. తేనెటీగకు ఆ విద్య రాదు. వంగ పూయని రోజుల్లో తుమ్మెదలకు తిండి పెట్టేది ఈ తంగేడే. నువ్వు చంపబోయేది మీ వదిన కూలీలనే అని చెప్పాను.

ఐలయ్య తెర వైపు చూసి నవ్వాడు. “ఫోటోలదేమున్నది మేడం! నల్లటి పెండ్లిపిల్లను తెల్లగ జేసేటోళ్లు, పురుగును మంచిదాన్ని జెయ్యరా?”

ఆ మాట సూటిగా నా స్టూడియోకే తగిలింది.

మాటతో పని కాదని ఒక కాయ కోశాను. లోపల గులాబిరంగు పురుగు.

“ఇగో, గిదే తుమ్మెద పిల్ల” అన్నాడు.

“అట్లనా? అయితే నీ ఇంట్లనే పెంచు. గాజు సీసల ఈ కాయ ముక్కలెయ్యి, నాలుగు ఎండాకులెయ్యి, మూతికి గుడ్డ కట్టు. నేను ముట్ట, ఫోటో తియ్య. పురుగు నుంచి తుమ్మెద ఎల్లిందా, పంపు నేనే ఎత్తుకుంట. ఇంకేదన్న ఎల్లిందా, ఈ ఒడ్డు మీదికి పంపు తేవద్దు.”

“అన్ని దినాలు ఊకుంటే వదినె కాయలన్ని ఖతమైతయి. నీదేం వోతది?”

నిజమే, నాదేమీ పోదు. ఇద్దరం సారక్క వైపు చూశాం. ఆమె పువ్వుల వైపు చూసి అంది: “ఒడ్డు సగం నాది. ఆగు ఐలయ్యా.”

ఆ రాత్రి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. పురుగు సీసాలోనే చచ్చిపోతే? పందెం కట్టింది నేను, పంట ఆమెది.

పన్నెండో రోజు ఫోన్ వచ్చింది. అప్పటికి నేను జనగామలో ఉన్నాను. సారక్క కేకలే కేకలు: “అక్కా, ఎల్లింది! తెల్లటి రెక్కలు, వాటి మీద మట్టిరంగు మచ్చలు. గోరంత లేదు!”

“ఐలయ్యకియ్యి. ఏం తమ్మీ, తుమ్మెదనేనా?”

“ఊకో అక్కా” అన్నాడు.

దొంగ ఆ చిన్న రెక్కల పురుగేనని తేలాక సారక్క పని మారింది. పురుగు దూరి వాడిన కొసలనూ పుచ్చిన కాయలనూ రోజూ ఏరి పాతిపెట్టింది. పురుగు పూర్తిగా పోలేదు కానీ పంట చేతికొచ్చింది. తంగేడు నిలిచింది. తప్పయిందని ఐలయ్య నాతో అనలేదు. నేను రెండుసార్లు అడిగాను కూడా.

పురుగు సంగతి సీసా తేల్చింది. నా సంగతి ఐలయ్య తేల్చాడు. ఇరవై ఏళ్లు ఆడపిల్లల రంగు మార్చి బతికిన చేత్తో తీసిన ఫోటోను అతనెందుకు నమ్మాలి? తిరిగొచ్చాక స్టూడియోలో బోర్డు పెట్టాను: ‘ఇక్కడ ఎవరినీ తెల్లగా చేయం.’ మా ఆయన తల పట్టుకున్నాడు. కొందరు తల్లులు బోర్డు చదివి, నన్ను నాలుగు తిట్టి, ఎదురు స్టూడియోకు పోతున్నారు. పోనివ్వండి. పొలం గట్టు మీద నా ఫోటోను నమ్మమని అడగాలంటే, ముందు స్టూడియోలో అబద్ధం ఆపాలి.