ఆల్ఫే కత్తెర

మా తమ్ముడు ఆల్ఫే జీవితంలో కష్టపడి సాధించిన మొదటి ఘనత, ఏ బొమ్మా తెగకుండా ఒక ఫిల్మ్ రీలును ముక్కలుగా కోయడం. అప్పటికి వాడికి అరవై దాటాయి. అంతకుముందు చర్చి ఫాదరుగారి తలకాయ, పెళ్లాం పుట్టినరోజు కేకు, రెండు మూడు పడవల ముక్కులు వాడి కత్తెరకు బలైపోయాయి.

కారకెట్ రేవులో లాబ్‌స్టర్ డొల్ల ఒలవడంలో నన్ను మించినవాళ్లు లేరు. నేను కుట్టిన బొంత మూడేళ్లు వరసగా చర్చి సంతలో మొదటి బహుమతి కొట్టింది. నా తోడబుట్టినవాడు మాత్రం ఫోటోలు ఇంట్లోనే కడుగుతానని స్నానాలగది ఆక్రమించాడు.

పోయిన చలికాలం మా అటక మీద వాడి పాత కెమెరా దొరికింది. లోపల ఎప్పటిదో రీలు. కడిగి, తన స్నానాలగదిలో తాడుకు వేలాడదీసి, తెల్ల చేతితొడుగులతో నన్ను పిలిచాడు.

"ముట్టుకోకక్కా, వేలిముద్రలు పడతాయి."

"నీ తొడుగుకు జామ్ అంటుకుంది, ముందది చూసుకోరా."

వెలుగులో చూశాను. ఒక బొమ్మలో నాన్న, పడవ చుక్కాని పట్టుకుని. పక్క బొమ్మలో రేవు మీద అమ్మ, చెయ్యి ఊపుతూ. కెమెరా కనిపిస్తే వీపు తిప్పేసే అమ్మకు ఉన్న ఫోటో ఇదొక్కటే. రీలు సరిగ్గా తిరగక రెండు బొమ్మల మధ్య సందే లేదు. అమ్మ చెయ్యి నాన్న బొమ్మలోకి వెళ్లిపోయింది.

"ఆరేసి బొమ్మలకో ముక్క కోయాలి. కోత సరిగ్గా వీళ్ల మధ్యకే వస్తోంది. అమ్మ చెయ్యి తెగుతుందక్కా."

"ఫాదరుగారి తల నరికినవాడివి, చేతికి జంకుతున్నావా?"

జంకాడు. వారాలు గడిచినా రీలు అక్కడే వేలాడింది. మరదలు ఒడిల్ స్నానానికి మా ఇంటికి రావడం మొదలుపెట్టింది.

"వదినా, మీ తమ్ముడు నన్నెప్పుడైనా ఆ తోకను చూసుకున్నట్టు చూసుకున్నాడా?"

ఆఖరికి వాళ్ల పిల్లి ఎగిరి రీలు చివర గోరు దించింది. ఇంకాస్త పైకి ఎగిరితే అమ్మ లేదు. ఆ కబురు విని నేనే వెళ్లాను.

"మొదటి ముక్క ఐదు బొమ్మలకే కోయి. తర్వాతివన్నీ జరుగుతాయి, అమ్మానాన్నా ఒకే ముక్కలో ఉంటారు."

"దాచే కవరులో వరసకు ఆరు పడతాయక్కా!"

"ఒకటి తక్కువైతే కవరు ఏడుస్తుందా? బొంతగుడ్డలో పువ్వు మీదికి కత్తెర వస్తే కత్తెరను జరుపుతారురా, పువ్వును కాదు."

మీసం కత్తిరించుకునే కత్తెర తెచ్చాడు, వెంట్రుకతో సహా! అది లాక్కుని నా బొంత కత్తెర చేతిలో పెట్టాను. అంచులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి కోశాడు. ఏదీ తెగలేదు. మర్నాటికల్లా రేవంతా తిరిగి, ఉపాయం తనకే తట్టిందని చెప్పుకున్నాడు.

రీలు మీది బొమ్మను కాగితం మీద వేసే వాడి యంత్రంలో ఒక్కో బొమ్మే పడుతుంది. అందుకని ఇద్దరినీ ఒకే కాగితం మీద వేయించడానికి మాంక్టన్ పట్నం వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ నా కత్తెరా పట్టుకుపోయాడు. మన అకాడీవాళ్ల పండుగ విందుకు ఫోటో గోడ మీద ఉండాలి. మేకు నేను కొట్టేశాను. సరిగ్గా పండుగ ముందురోజు, ఆగస్టు పద్నాలుగున వస్తాడట.