ఎండిన కాలువకు కాపలా

రెంటచింతల ఎండకు కాకులు మధ్యాహ్నం పూట ఎగరవు. నాపరాళ్ల గోడల నీడ పట్టుకుని మనుషుల్లాగే నడిచిపోతాయి. నమ్మనివాళ్లు మే నెలలో వచ్చి చూసుకోవచ్చు. కాకుల సంగతి నమ్మినా నమ్మకపోయినా, ఆరోగ్యస్వామి చుక్క నీరు లేని కాలువకు కాపలా కాసిన సంగతి మాత్రం నిజం.

ఆరోగ్యస్వామి సాగర్ కుడి కాలువ నుంచి చీలే ఒక పిల్ల కాలువ మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం, ఒకరి నీళ్లు ఇంకొకరు మళ్లించుకోకుండా చూడటం అతని పని. నీళ్లు వంతుల మీద వదిలేవారు. వంతు నడిచినన్నాళ్లూ అతని పడక గట్టు మీది రేకుల షెడ్డులో. వంతు అయిపోతే ఇంటికి వచ్చేవాడు. అతని భార్య ఫిలోమినా సన్నటి మనిషి, గట్టి గొంతు. ఆదివారం గుడిలో ఆమె పాట ఎత్తుకుంటే హార్మోనియం వెనకబడేది.

ఎనభై నాలుగులో ఆమెకు మూడో కాన్పు అయింది. నరసరావుపేట ఆసుపత్రిలో రక్తం ఆగక, ఆమె బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. బయటపడ్డాక డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది.

"ఇంకో కాన్పు వస్తే నీ ప్రాణానికి నేను పూచీ పడను. ఆపరేషన్ చేయించుకో."

ఫిలోమినా ఒప్పుకోలేదు. కత్తి అంటే భయం. దేవుడిచ్చిన ఒంటిని కోయించుకోకూడదని చిన్నప్పటి నుంచి విన్న మాట కూడా ఉంది.

ఊరికి వచ్చాక మిషన్ దవాఖానాలో సిస్టర్ గ్రేసమ్మ ఆమెను కూర్చోబెట్టి మందూ మాత్రా లేని పద్ధతి చెప్పింది. ముట్టుకూ ముట్టుకూ మధ్య గర్భం నిలిచే రోజులు కొన్నే. అవి దగ్గరపడితే ఒంట్లోంచి వచ్చే తడి పల్చబడి, పచ్చి గుడ్డు సొనలా సాగుతుంది. తడి కనబడిన నాటి నుంచి, అది ఆరిపోయాక మరి కొన్ని రోజులు గడిచేదాకా మొగుడూ పెళ్లాలు దూరంగా ఉండాలి. రోజూ చూసుకోవాలి. ఏమరితే పద్ధతి పనిచేయదని కూడా చెప్పింది.

ముగ్గురు పిల్లలు, గేదె, మిరపకోతలు. రోజూ చూసుకునే తీరిక ఫిలోమినాకు లేకపోయింది. ఆమె తేలిక దారి ఒకటి పట్టుకుంది. ఎలాగూ నెలలో సగం రోజులు మొగుడు గట్టు మీదే ఉంటాడు. దూరంగా ఉండమన్నారు, ఉంటూనే ఉన్నారు. ఇక చూసుకునేదేముంది?

నెలలు గడిచాయి. ఏమీ కాలేదు. బోరింగు దగ్గర పక్కింటి సాజిదా అడిగింది.

"ఏందక్కా నీ మందు?"

"మందేముందే. నీళ్లొస్తే ఆయన పోతాడు, నీళ్లు ఆగితే వస్తాడు. కాలవే చూసుకుంటంది."

"మా ఆయన చానా జాగర్త మనిషక్కా. సమయానికి తప్పుకుంటానంటాడు."

"ఆ జాగర్తకే ఐదుగురు పిల్లలా?"

"బ్రేకులు బాగుచేసే మెకానిక్కు గదా, నమ్మాను."

బిందె కడుగుతున్న హనుమాయమ్మ తల ఎత్తకుండానే అంది. "బ్రేకు తొక్కినాక కూడా లారీ కాస్త దూరం పోద్దంట. ఆ మాట ఇంటో చెప్పలేదా?"

సాజిదా ఆమె మీద నీళ్లు చిలకరించింది.

మాట పాకింది. ఆ ఏడు మా కాలువ కింద ఆడవాళ్లంతా మొగుళ్ల చేతికి దుప్పటిచ్చి, వంతు నీళ్లకు కాపలా పొమ్మన్నారు. ప్రతి తూముకూ పదేసి మంది కాపలా. నీళ్ల దొంగలు పని దొరక్క మాచర్ల పోయి గుర్రబ్బండ్లు తోలుకున్నారు.

ఫిలోమినా చంటివాడు అన్నం తినడం మొదలుపెట్టాడు. రాత్రిళ్లు పాలకు లేవడం మానేశాడు. కొన్నాళ్లకు ఒక పొద్దున చేపల పులుసు వాసనకు ఆమె కడుపులో తిప్పింది. గోడ పట్టుకుని నిలబడిపోయింది. కాన్పు తర్వాత ఆమెకు ఇంకా ముట్టే రాలేదు. మొగుడిని వెంటబెట్టుకుని దవాఖానాకు పోయింది.

"ముట్టే రాలేదు గదా సిస్టరమ్మా. కడుపెట్టా వచ్చింది?"

సిస్టర్ చూసి, నిజమేనని చెప్పి, చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఇన్నాళ్లు నిన్ను కాపాడింది కాలవ కాదమ్మా, నీ చంటోడు. రాత్రీ పగలూ నీ పాలే తాగినన్నాళ్లు గర్భం నిలవలేదు. ఆ నమ్మకం కూడా ఆరు నెలల దాకానే, అదీ ముట్టు రాకుండా ఉంటేనే. వాడు పాలు తగ్గించాడు. ఇక ముట్టు కనపడకముందే గర్భం రావచ్చు. కాలవ వంతులు నీ ఒంటికేం తెలుసు?"

"నేను బతుకుతానా?"

"నొప్పులకు ముందే నరసరావుపేట పోయి అక్కడే ఉండి, రక్తం సిద్ధంగా పెట్టించుకుంటే, బతికే వీలు ఎక్కువ. అంతకన్నా చెప్పలేను."

దారిలో ఆరోగ్యస్వామి అడిగాడు.

"నువ్వు చూసుకుంటన్నావనుకున్నా గదే."

"నువ్వు పోతన్నావు గదా అని నేననుకున్నా."

నొప్పులు రాకముందే నరసరావుపేటలో ఫిలోమినా అక్క ఇంట్లో దిగారు. ఈసారీ రక్తం పోయింది, కానీ ఎక్కించడానికి సీసాలు సిద్ధంగా ఉన్నాయి. ఆడపిల్ల పుట్టింది. ఫిలోమినా బతికింది. డాక్టరమ్మ మళ్లీ ఆపరేషన్ మాట ఎత్తింది. ఫిలోమినా మళ్లీ వద్దంది. ఈసారి తడి చూసుకుంటానంది.

"సరిగ్గా చూసుకున్నవాళ్లు కూడా కొందరు మళ్లీ నా దగ్గరికే వస్తారు. అది తెలిసే చెయ్యి. అనుమానం వచ్చిన రోజు కూడా వద్దనుకో," అంది డాక్టరమ్మ. ఆ మాట ఆమెకంటే ఎక్కువగా ఆరోగ్యస్వామి కేసి చూసి చెప్పింది.

అప్పటి నుంచి ఫిలోమినా ఒక్క రోజు తప్పలేదు. జ్వరం వచ్చినా, మిరపకళ్లం మీద ఉన్నా చూసుకునేది. తడి కనబడితే, అనుమానం ఉన్నా సరే, సాయంత్రం అతని దుప్పటి మడిచి అరుగు మీద పెట్టేది. ఆరోగ్యస్వామి అన్నం తిని, దుప్పటి భుజాన వేసుకుని గట్టుకు పోయేవాడు. కాలువలో నీళ్లున్నాయా లేవా అన్నది లెక్కలోకి రాలేదు.

సాజిదా మాత్రం మాచర్ల పోయి లూపు వేయించుకుంది. "బ్రేకులు నమ్మే ఓపిక లేదక్కా" అంది.

నాలుగో పిల్ల బడిలో చేరేనాటికి కూడా ఆ ఇంట్లో ఇంకో ఉయ్యాల కట్టలేదు. ఆ ఎండాకాలం సాగర్ తలుపులు మూసేశారు. పిల్ల కాలువలో మేకలు పడుకునేవి. ఒక సాయంత్రం గట్టు మీద దుప్పటి దులుపుతున్న ఆరోగ్యస్వామిని, ఎడ్లు తోలుకుపోతున్న రైతు ఒకడు ఆగి అడిగాడు.

"నీళ్లే లేవు గదా మావా, దేనికి కాపలా?"

"ఆర్డరు వచ్చింది."

"ఏ ఇంజనీరు?"

"నీకు తెలవదులే, చానా స్ట్రిక్టు," అని ఆరోగ్యస్వామి దుప్పటి పరుచుకుని పడుకున్నాడు.