మా గల్లీ మొత్తానికి ఒకే రెఫరెన్స్

ఛత్రినాకలో, మా గల్లీలో, వాయిదాల మీద రాని వస్తువు కొబ్బరికాయ ఒక్కటే అనుకుంటాను. ఫ్రిజ్‌లు, టీవీలు, ఫోన్లు సరే, ఒకరింట్లో మంచం కూడా ఫైనాన్స్‌లోనే వచ్చింది. అప్పు మీద పడుకుంటే నిద్రెట్ల పడుతుందని అమ్మ ఆశ్చర్యపోయేది. వాళ్ల గురక మా ఇంటిదాకా వినిపించేది కాబట్టి ఆ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

ఫైనాన్స్ ఇచ్చేవాళ్లు ఆధార్ కార్డుతోపాటు బయటివాళ్ల ఫోన్ నంబర్ ఒకటి అడుగుతారు. దాన్ని రెఫరెన్స్ అంటారు. కొన్న మనిషి దొరక్కపోతే ఆ నంబర్‌కు ఫోన్ చేసి ఆరా తీస్తారన్నమాట. మా గల్లీవాళ్లందరూ అక్కడ ఒకే నంబర్ రాసేవాళ్లు. అది మా అమ్మది.

కారణం పెద్దదేం కాదు. మా అమ్మ ఫోన్ ఎత్తుతుంది. తెలియని నంబర్ కనిపిస్తే గల్లీ అంతా ఫోన్‌ను దిండు కిందో బియ్యం డబ్బాలోనో దాచేస్తే, మోగుతున్న ఫోన్‌ను వదిలేయడమంటే తలుపు కొట్టినవాళ్లను ఎండలో నిలబెట్టినట్టని అమ్మ నమ్మకం. పైగా ఉర్దూలో అడిగితే ఉర్దూలో, తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పగలదు.

"ఇంగ్లీషుల అడిగితే ఏం చేస్తవే అమ్మా?" అని ఏడిపించేదాన్ని.

"నీకిస్త. డిగ్రీ ఊకెనే చదువుతున్నవా?" అనేది.

ఎవరైనా వచ్చి "నీ నంబర్ రాస్తున్న" అంటే "రాస్కోండ్రి, ఏమైతది" అనేది, ఎమ్మెల్యే సిఫారసు చేసినంత దర్జాగా. ఆ దర్జా చూడటం నాకు భలే సరదాగా ఉండేది.

వాయిదా తేదీ దాటిందంటే మా ఇంట్లో ఫోన్ మోగేది. "మీ ఎదురింటామె కిస్తు కట్టలేదమ్మా" అని అవతలి అమ్మాయి గట్టిగా మొదలుపెట్టేది. "కడ్తది బిడ్డా. ఆటో ఖరాబైంది, ఆయన ఇంట్లనే కూసున్నడు. నువ్వు తిన్నవా?" అని అమ్మ అడిగేది. ఆ ఒక్క ప్రశ్నతో అవతలి గొంతు మెత్తబడేది. ఒకమ్మాయి అయితే కిస్తు సంగతి మరిచిపోయి, బ్లౌజు చేతులు బిగుతైతే ఎట్లా వదులు చేయాలో కనుక్కుని పెట్టేసింది.

అమ్మ బ్లౌజులు కుడుతుంది. ఉన్నది పాత తొక్కుడు మిషన్. దాన్ని తొక్కీ తొక్కీ అమ్మ మోకాళ్లు వాచిపోయాయి. ఇక తొక్కితే నడవడం కష్టమవుతుందని డాక్టర్ చెప్పేశాడు. కుట్టడం మానేస్తే ఇల్లు గడవదు. బాపు లాడ్‌బజార్‌లో గాజుల దుకాణంలో పనిచేస్తాడు, ఆయన పేరు మీద అప్పటికే ఫ్రిజ్ కిస్తు నడుస్తోంది. బోనాల బ్లౌజులు వచ్చిపడే రోజులు దగ్గరికొస్తున్నాయి. మోటారు మిషన్ కొనక తప్పదని, అమ్మ మొదటిసారి తన పేరు మీద ఫైనాన్స్‌కు వెళ్లింది.

రెఫరెన్స్ కింద ఎదురింటి అత్తమ్మ నంబర్ ఇచ్చింది. ఇన్నాళ్లూ ఆమె కిస్తులకు జవాబు చెప్పింది అమ్మే కదా.

కంపెనీవాళ్లు ఫోన్ చేశారు. అత్తమ్మ ఎత్తలేదు. మళ్లీ చేశారు. ఫోన్ బియ్యం డబ్బాలో మోగి మోగి ఊరుకుంది. ఎవరూ ఎత్తట్లేదని మిషన్ దుకాణంవాడు కబురు పంపితే అమ్మ వెళ్లి అత్తమ్మ గడప మీద కూర్చుంది. "ఈపారి ఎత్తు వదినా, నాకోసం" అని బతిమాలింది. ఎత్తుతానని అత్తమ్మ ఒట్టు కూడా వేసింది. ఇద్దరూ వెల్లుల్లి ఒలుస్తూ కూర్చున్నారు, నేను పక్కనే ఉన్నాను.

ఫోన్ మోగింది. అత్తమ్మ ఎత్తింది. అవతల "ఫైనాన్స్ కంపెనీ నుంచి" అన్న మాట వినపడిందో లేదో, పొరపాటున ఎత్తినప్పుడల్లా తన గురించి తానే చెప్పే మాట ఆమె నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఆమె లేదు సార్. ఊరికి పోయింది. ఎప్పుడొస్తదో తెల్వది."

ఊరికి పోయినామె పక్కనే వెల్లుల్లిపాయ పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. నాకు నవ్వు ఆగలేదు. అమ్మ మొహం చూశాక ఆగింది.

"అయ్యో వదినా, నోట్లకెళ్లి గదే వచ్చింది" అని అత్తమ్మ లబోదిబోమంది. మళ్లీ ఫోన్ చేస్తే అవతల ఎత్తలేదు. లోన్ రాలేదు.

అమ్మకు కోపం వస్తే అరవదు, పని చేస్తుంది. తొక్కుడు మిషన్ పొద్దంతా గడగడలాడింది. ఫోన్ మోగుతున్నా దానివైపు చూడలేదు. నేను ఎత్తబోతే "ఉండనియ్. నేను గూడ ఊరికి పోయిన" అంది. మోకాళ్లకు నూనె రాస్తుంటే మాత్రం నా చేతిని గట్టిగా పట్టుకునేది. అప్పుడు గల్లీ మొత్తం మీద నాకు మండిపోయేది.

అమ్మ కూడా ఎత్తకపోయేసరికి వసూలుకు మనిషే బండి మీద వచ్చాడు. అత్తమ్మ గుమ్మం ముందు నిలబడి, టీవీ కిస్తు గురించి గల్లీ అంతా వినేలా కేకలేశాడు. అందరూ తలుపుల దగ్గర నిలబడి చూశారు తప్ప ఒక్కరూ ముందుకు రాలేదు. అత్తమ్మ తలెత్తలేదు. మా మిషన్ చప్పుడు ఆగింది. అమ్మ గోడ పట్టుకుంటూ మెట్లు దిగింది.

"ఏంది గా లొల్లి? ఆడిమనిషి ముంగట గట్లనే మాట్లాడ్తవా?"

"నువ్వెవరమ్మా నడ్మల?"

"నేను రెఫరెన్స్‌ని" అంది అమ్మ, అదేదో సర్కారు కొలువైనట్టు.

అతను తగ్గాడు. "మీరేనా అమ్మా? ఆఫీసుల మీరు అందరికి ఎరికే" అన్నాడు. ఆటో బాగై వచ్చింది, వచ్చే వారం కడ్తరు అని అమ్మ మాటిచ్చింది. అతను మా ఇంట్లో చాయ్ తాగి మరీ వెళ్లాడు.

సాయంత్రం అత్తమ్మ వచ్చి మిషన్ పక్కన నిలబడింది.

"ఇంకోపారి లోన్‌కు పెట్టు వదినా."

"పెడితే మల్ల నన్ను ఊరికి తోలుతవు."

"తోల."

అమ్మ మళ్లీ పెట్టింది. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు అత్తమ్మ మా ఇంట్లోనే, మాకందరికీ వినపడేలా స్పీకర్ పెట్టి ఎత్తింది. ఆమె మీకు ఎప్పటినుంచి తెలుసని అడిగారు. "నేను పెండ్లై వచ్చిన కాడికెళ్లి" అంది. ఇప్పుడెక్కడ ఉందని అడిగారు. "ఇంట్లనే ఉన్నది సార్, నా ముంగటనే మిషన్ తొక్కుతున్నది" అంది. నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

"ఆమె కిస్తు కట్టకపోతే మీకు ఫోన్ చేయొచ్చా?"

అత్తమ్మ చేతిలోని ఫోన్ వైపు, అమ్మ మోకాళ్ల వైపు చూసింది. సొంత అక్క ఫోన్‌ను కూడా దిండు కింద పెట్టే మనిషి. అమ్మ తొక్కడం ఆపి తల వంచుకుంది.

"చేయుండ్రి" అంది అత్తమ్మ. "ఎప్పుడన్న చేయుండ్రి. నేను ఎత్తుత."

అమ్మ అక్కడే, మిషన్ మీద మొహం పెట్టుకుని ఏడ్చేసింది. మోటారు మిషన్ ఇంటికొచ్చిన రోజు కూడా ఆమె అంత సంతోషపడలేదు.