షిఫా చేసిన కుండలు

హైదరాబాద్ పాతబస్తీలోని జహనుమాలో షిఫాను కంప్యూటర్ పిల్ల అనేవాళ్లు. ఇంటర్‌తో చదువు ఆగింది గానీ, అన్న ఒవైస్ కొన్న పాత కంప్యూటర్ మీద బొమ్మలు గీయడం మాత్రం ఆగలేదు. ఆ ధ్యాసలో పడితే తల్లి రాబియా పది కేకలేసినా పలికేది కాదు.

2004లో ఒవైస్, అతని స్నేహితుడు ఫణి కలిసి ఒక ఆట తయారుచేస్తున్నారు. ఖాళీ నేల మీద ఊరు కట్టే ఆట. ఇళ్లు లేచాయి, పొలాలు పండాయి. షిఫా ఒకసారి తెర మీదికి వంగి చూసి నవ్వేసింది.

"గింత పెద్ద ఊరు కట్టిన్రు, నీళ్లు దేంట్ల దాచుకుంటరు భాయ్? దోసిట్లనా?"

నిజమే కదా అని ఇద్దరూ తల గోక్కున్నారు. అక్కడినుంచి ఆటలో కుండలు, గిన్నెల పనంతా షిఫాదే. కుమ్మరి మైసయ్య ఇంటికి పోయి కూచుని, అన్నీ చూసి వచ్చింది. మట్టి తవ్వాలి, నానబెట్టి తొక్కాలి, సారె మీద కుండ చేసి నీడన ఆరబెట్టాలి. పచ్చి కుండను తొందరపడి కాల్చే ఆవంలో పెట్టారో, ఫటేల్మని పగులుతుంది. ఆటలోనూ అట్లాగే పగలాలని పట్టుబట్టింది. పింగాణీ గిన్నెల మీద నీలిపూలు కూడా తనే వేసింది. కోడ్ రాయడమే మగపిల్లల వంతు.

"మాదాపూర్ కంపెనీల చూపిద్దాం. ముగ్గురం కలిసే పోదాం. నీ నౌకరీ పక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాడు ఒవైస్.

షిఫా నమ్మింది. నమ్మదా మరి, తోడబుట్టినవాడు! ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ మారాలో కూడా కనుక్కుని పెట్టుకుంది. కంపెనీ సంగతి అడిగినప్పుడల్లా "ఇంక ఖబర్ రాలే" అనేవాడు అన్న.

ఒకనాడు ఫణి మిఠాయి డబ్బాతో వచ్చాడు.

"మా ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయండీ. వాళ్లకి మీ కుండలే తెగ నచ్చాయి. మీకూ ఇస్తామన్నారు. మీకు పెళ్లి కుదిరింది, రానన్నారని ఒవైస్ చెప్పాడు. రావాల్సిందండీ."

పెళ్లా? ఎవరితో? షిఫా తల్లి వైపు చూసింది. రాబియా ముఖం తిప్పేసుకుంది. అంటే అమ్మీకీ తెలుసన్నమాట. ఏం మనుషులండీ వీళ్లు! బయటివాడు మోసం చేస్తే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. ఇంట్లోవాళ్లను ఏమని తిడుతుంది?

"గంత దూరం నిన్నెట్ల పంపుత? నీ మంచికే గట్ల చెప్పిన" అన్నాడు ఒవైస్, ఫణి వెళ్లాక. షిఫా ఆ రోజునుంచి అతనితో మాట్లాడలేదు.

నెల తిరక్కుండా అతనే వంటింట్లోకి వచ్చాడు.

"కంపెనీల కూజాలు, దీపాలు గిట్ల మస్తు అడుగుతున్నరు. నాకు గీయరాదని నీకెరుకే గద. సోమవారం కల్లా చేసియ్యి షిఫా. లేకుంటే నా నౌకరీ ఉండదు."

షిఫా ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తలేదు.

"పెళ్లి కుదిరిన పిల్లను గద భాయ్. నాకేడ తీరిక?"