ఎర్రరంగు కింద మెట్టు

నిన్న మా ఇంటి మెట్ల మీద పాలిష్ మిషన్ మొదలవగానే దిల్‌సుఖ్‌నగర్‌లోని మా గల్లీ అంతా తలుపులు తీసి చూసింది. ఎర్రటి బురదనీళ్ళు రోడ్డు మీదకు పారుతుంటే ఎదురింటివాళ్ళు ముఖం చిట్లించారు. చిట్లించుకోనీ. ఏళ్ళ తరబడి వాళ్ళ బండ్లు మా గేటుకే అడ్డం పెడుతున్నారు. మావి మొజాయిక్ మెట్లు. తెల్ల సిమెంటులో రంగురంగుల రాతి చిప్స్ కలిపి పోసి, గట్టిపడ్డాక అరగదీసి నునుపు చేసినవి. ఇప్పుడు అందరికీ గ్రానైటే కావాలి. మా మెట్ల అసలు రంగు నాకు లీలగానే గుర్తు. వాటి మీద మా మేనత్త, అంటే నాన్నకు అక్క, పూయించిన ఎర్ర పెయింటు ఉండేది.

ఇల్లు కట్టేటప్పుడు మొదటి మెట్టు పచ్చిగా ఉండగానే అమ్మ అందులో విరిగిన గాజుల ముక్కలు పొదిగింది. పోచంపల్లిలో మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి కదా, చీర మీది గళ్ళలాగే అమర్చిందట. నాకు ఐదేళ్ళప్పుడు నాన్న గుండె ఆగి పోయాడు. వచ్చిన చుట్టాలందరి ముందూ మేనత్త అమ్మను చూపించి, "పగిలిన గాజులు తొక్కుకుంట తిరిగే ఇంట్ల మొగోడు ఎట్ల బతుకుతడు?" అంది. పదకొండో రోజు కాకముందే మెట్లన్నిటికీ ఎర్రరంగు వేయించింది. అమ్మ ఒక్క మాట అనలేదు. కానీ బతికినన్నాళ్ళూ ఆ మెట్టు తొక్కకుండా దాటింది, మోకాళ్ళు పట్టేశాక కూడా. ఎవరింట్లో శుభకార్యమైనా వెనక గదిలోనే కూర్చునేది. అప్పటినుంచీ మేనత్త అంటే నాకు మంట. ఆమె తెచ్చిన లడ్డూలు కూడా వీధికుక్కకు వేసేదాన్ని. అది కమ్మగా తినేది, దానికేం తెలుసు పాపం.

పాలిష్ సంగతి మా చెల్లెలు ఫోన్‌లో ఊదేసింది. మధ్యాహ్నానికల్లా మేనత్త సైదాబాద్ నుంచి ఆటోలో వచ్చి దిగింది. ఎనభై దగ్గరపడ్డా గొంతు మాత్రం తగ్గలేదు.

"ఏందే గిది? పోయిన పీడను మల్ల లేపుతున్నవా? బంద్ చెయ్యమను!"

"నీ ఇల్లు గాదత్తా. ఆటో ఇంకా పోలే, ఎక్కు," అన్నాను.

ఆమె కదల్లేదు. అంచుల దగ్గరకు మిషన్ పోదని పనివాడు చేత్తో రాయి పట్టుకుని మొదటి మెట్టు రుద్దుతున్నాడు. నీళ్ళు పోసి తుడిచేసరికి గళ్ళు తేలాయి. ఒక గడి ఆకుపచ్చ, అవి అమ్మ గాజులు. పక్క గడి నేరేడు రంగు. అమ్మ జన్మలో ఆ రంగు వేసుకోలేదు. నేను తలెత్తి మేనత్త చేతుల వైపు చూశాను. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె వేసుకునేవి నేరేడు గాజులే. నిన్న కూడా అవే.

"నువ్వు గూడ పెట్టినవా?"

మేనత్త రెయిలింగ్ పట్టుకుంది. "ఇద్దరం కూసోని పెట్టినం," అంది. "తమ్ముడు పోంగనె బుగులైంది. నా గాజులే తిన్నయని ఎవరన్న అంటరేమోనని, ముందుగాల నేనే మీ అమ్మనన్న."

జాలి పడాలేమో, పడలేకపోయాను. ఒళ్ళు మండింది. అమ్మ మీద కూడా మండింది. సగం నీవే కదా వదినా అని ఆ రోజే అనుంటే సరిపోయేది.

"గిదే మాట ఆనాడొచ్చిన చుట్టాల ముంగట చెప్పు అత్తా. నడువు, నేనే తీస్కపోత."

"ఎవరున్నరే ఇంక?" అంది మేనత్త.

లెక్క వేసుకుంటే నిజమే. మెట్టు మీది రంగు వదలడానికి ఒక్క పూట పట్టింది. అమ్మ మీది నింద వదిలేసరికి మాత్రం, అది విన్న చుట్టాల్లో ఒక్కరూ మిగల్లేదు.