అక్క ఉన్న పుస్తకం

ఆ వీధిలో అందరికీ ఆమె మిషనక్క. స్కూలు యూనిఫారాలూ, ఆఫీసులకు వెళ్ళేవాళ్ళ చొక్కాలూ ప్యాంట్లూ కుట్టేది. కత్తెర ఎంత పదునో నోరూ అంతే పదును. అరువు చొక్కా కొలతల ఆదికి తెచ్చినవాడికి అక్కడికక్కడే గడ్డి పెట్టేది. కుట్టులో మాత్రం వంక పెట్టడానికి ఉండేది కాదు. అందుకే తిట్లు తిన్నవాళ్ళే మళ్ళీ గుడ్డ పట్టుకుని వచ్చేవారు.

తల్లి పోయేనాటికి తమ్ముడికి ఇంకా పాలపళ్ళు రాలలేదు. తండ్రి ఉన్నా లేనట్టే. వాడికి జ్వరమొస్తే మిషను పక్కనే పడుకోబెట్టుకుని, కాలితో తొక్కుతూ చేత్తో నుదురు తడిమేది. సంబంధాలొస్తే, వాడొక ఒడ్డుకు చేరాక చూద్దామనేది. వాడు చేరేసరికి అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ఆమె ఏనాడూ దానికి ఏడవలేదు. కాని వాడి బతుకు మీద తన మాటే చెల్లాలని గట్టిగా నమ్మింది.

ఉద్యోగంలో చేరిన ఏడాదే తమ్ముడు ఒక ఆదివారం ఆమె ఎదుట కూర్చుని, తనకు మగవాళ్ళంటేనే ఇష్టమని, తను గే అని, ఇక పెళ్ళి మాట ఎత్తొద్దని చెప్పాడు. ఆమె చెంప పగలగొట్టింది. వెనక గదిలోకి నెట్టి గొళ్ళెం పెట్టింది. ఇలాంటివి నయం చేస్తానని చెప్పుకునే డాక్టరునొకణ్ణి వెతికి పట్టుకొచ్చింది. అతనిచ్చిన మాత్రలకు వాడు పగలంతా మత్తుగా పడి ఉండేవాడు. చేతులు వణికి సొంత చొక్కాకు బొత్తాలు పెట్టుకోలేకపోయేవాడు. ఆమే పెట్టేది. పెడుతూ, తగ్గిపోతుందిలే అనేది. ఒకరోజు దారం కొనడానికి వెళుతూ గొళ్ళెం మరిచింది. తిరిగొచ్చేసరికి గది ఖాళీగా ఉంది. గడపలో నిలబడి, చచ్చినా ఇటు రావద్దని, అప్పటికే వినబడనంత దూరం పోయినవాడికి శాపం పెట్టింది.

చాలా ఏళ్ళకు అతను తన బతుకంతా పుస్తకంగా రాశాడు. ఇంటిగుట్టు రచ్చకెక్కింది. అందులో చెంపదెబ్బ ఉంది, గొళ్ళెం ఉంది, మాత్రలున్నాయి. జ్వరం రాత్రులూ ఉన్నాయి గాని వాటి ఊసు ఎవరూ ఎత్తలేదు. కొలతలిస్తూనే కొందరు ఆమెను అదోలా చూసేవారు. ఇంకొందరు, బుద్ధి చెప్పావు, మంచి పని చేశావనేవారు. రెండూ ఆమెకు పుండు మీద కారమే. కొట్టు తలుపు మూసుకుని పుస్తకమంతా చదివింది. ఒక్క అబద్ధం దొరికితే వాణ్ణి నడిరోడ్డు మీదికి లాగుదామని చూసింది. దొరకలేదు. దాంతో మరింత మండింది.

ఆ పుస్తకం చదివి ధైర్యం తెచ్చుకుని, ఇంట్లో తమ సంగతి బయటపెట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారట. వాళ్ళే పూనుకుని లైబ్రరీ హాల్లో అతనికి సన్మానం తలపెట్టారు. మిషనక్క అగ్గి మీద గుగ్గిలమై వెళ్ళి, ఆపమని లైబ్రేరియన్ మీద విరుచుకుపడింది. సభ జరిగితే అద్దాలు పగలగొడతామని అప్పటికే చాలామంది బెదిరించి ఉన్నారు. ఆయన అలసిపోయి ఉన్నాడు.

"మీరూ వాళ్ళ మనిషేనా అమ్మా?"

"నేను వాడి అక్కను."

ఆయన, కుర్చీ వేయిస్తాను, సభకు రమ్మన్నాడు.

"వస్తాను. వాడి పరువు తీయడానికే వస్తాను."

అన్నట్టే వెళ్ళింది. గేటు దగ్గర కేకలు వేస్తున్న గుంపుకు బట్టల షాపాయన పెద్ద. ఆమెకు ఎప్పటినుంచో పని ఇస్తున్నవాడు. రా అక్కా, మా పక్కన నిలబడమని చోటిచ్చాడు. ఆమె పలకకుండా లోపలికి పోయి చివరి వరసలో కూర్చుంది. వేదిక మీద తమ్ముడికి జుట్టు పలచబడింది. ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు.

ఒక బస్సు డ్రైవరు మైకు దగ్గరికొచ్చాడు. ఈ పుస్తకంలో అక్క అచ్చం మా అమ్మేనన్నాడు. తన సంగతి చెబితే అమ్మ కొడుతుందని చదివాకే తెలిసిందట, కొట్టిందట కూడా. మాత్రలు మాత్రం మింగలేదన్నాడు. హాలంతా నవ్వింది. మిషనక్క లేచి వరండాలోకి వచ్చింది.

అక్కడ బూడిదరంగు బట్టల్లో ఉన్న ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. పుస్తకంలోని అక్క ఈమేనని ఎవరో చూపించారట. మీరు చేసిందే సరైందని, కన్నవాళ్ళ బాధ వీళ్ళకేం తెలుసని గొంతు తగ్గించింది.

"మా వాణ్ణి గదిలో పెట్టి తాళం వేసి వచ్చాను. ఆ డాక్టరు పేరు పుస్తకంలో లేదు. మీరు చెబితే..."

మిషనక్క ఆ చేతిని తిరిగి గట్టిగా పట్టుకుంది.

"ఇంటికెళ్ళి తాళం తియ్యమ్మా."

"మీరు చేస్తే ఒప్పు, నేను చేస్తే తప్పా?"

"నేను చేసిందీ తప్పే. తియ్యి."

ఆవిడ పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, చెయ్యి విదిలించుకుని వెళ్ళిపోయింది. మిషనక్క హాల్లోకి వెళ్ళి, మాట్లాడుతున్నవాడి చేతిలోంచి మైకు లాక్కుంది. ఆవిడ ఎలా ఉందో చెప్పి, కొడుకును గదిలో బంధించిందని, ఇల్లు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే లేవమంది. బస్సు డ్రైవరు లేచాడు. ఆవిడది వాళ్ళ వీధే. తమ్ముడు సన్మానపత్రం బల్ల మీదే వదిలేసి మెట్లు దిగాడు.

ఆ ఇంటి ముందు పెద్ద గొడవైంది. ఆవిడ తాళంచెవి గుప్పిట్లో బిగించి, మీ పని మీరు చూసుకోమని తిట్టింది. లోపలినుంచి కొడుకు, నాకు ఇరవై దాటాయి, బయటికి రానివ్వండని అరిచాడు. లైబ్రరీ గేటు దగ్గర కాపలాకు వేసిన కానిస్టేబుల్ కూడా వెంట వచ్చాడు కాబట్టి ఆవిడ తలుపు తీయక తప్పలేదు. పిల్లవాడు చెప్పులైనా వేసుకోకుండా బయటపడి పిన్ని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆవిడ మిషనక్క కాళ్ళ ముందు ఉమ్మింది.

జనం పలచబడ్డాక అక్కా తమ్ముడూ రోడ్డు వారన మిగిలారు.

"క్షమించానని మాత్రం అనుకోకు," అన్నాడతను.

"అడిగానా? నువ్వు రాసింది అబద్ధమైతే నీతో ఎప్పుడో మాట్లాడేదాన్ని."

ఆటో కోసం కూడా చెరోవైపు చూశారు.

లైబ్రరీ అద్దాలు పగలనే పగిలాయి. బట్టల షాపాయన ఆమెకు పని ఇవ్వడం ఆపేశాడు. ఆసుపత్రి దుప్పట్లకూ కర్టెన్లకూ అంచులు కుట్టి మిషనక్క నెట్టుకొచ్చింది. కొన్నాళ్ళకు తమ్ముడు వచ్చి గడప బయటే నిలబడ్డాడు. పుస్తకంలో నా గురించి అంత వివరంగా రాయాలా అని ఆమె, అంత వివరంగా నన్ను హింసించాలా అని అతను, వీధంతా వినేలా దెబ్బలాడుకున్నారు. విసురుగా వెళ్ళిపోయాడు. పై నెలలో మళ్ళీ వచ్చాడు. మళ్ళీ దెబ్బలాటే. ఎన్నిసార్లు వచ్చినా ఆమె లోపలికి రమ్మనలేదు, అతను వస్తానని అడగలేదు.