పులవని ద్రాక్షరసం

మొన్న శామీర్‌పేట రోడ్డు పక్కన బండి మీద ద్రాక్షపండ్లు చూసి, ఎక్కడివి నాయనా అని అడిగితే మహారాష్ట్ర నుంచి వస్తయమ్మా అన్నడు బండాయన. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలియలేదు, ఎందుకంటే ఆయన బండి వెనుక ఇప్పుడు అపార్టుమెంట్లు లేచిన జాగంతా ఒకప్పుడు ద్రాక్షతోటలే, మేడ్చల్ దిక్కు పోయే తోవ పొడుగునా పందిళ్లే. నా ఈడు వాళ్లకు వేరే చెప్పాల్నా, దొంగతనంగా గుత్తులు తెంపుకొని తిని, ఆ వెనుకే తిట్లు కూడా తిన్న పిల్లలం కదా మనం.

మా బాపు అటువంటి ఒక తోటలో కూలీ. మా అమ్మకు చర్చిలో ఒక పని ఉండేది, నెల మొదటి ఆదివారం ప్రభువు బల్లకు, అంటే యేసు ఆఖరి భోజనం గుర్తుకు అందరూ ఇంత రొట్టె, ఒక గుక్క రసం తీసుకునేదానికి, ద్రాక్షరసం తీయడం. పండ్ల కాలంలో తోట పటేలు, హిందువే అయినా, మీ దేవునికి తీసుకపోండి అని శనివారం ఒక గంపెడు పంపేవాడు. కాలం కానప్పుడు ఎండుద్రాక్ష నానబెట్టి పిసికేది అమ్మ. అయితే పండ్లలో చెయ్యి పెట్టే ముందు, ఆ నెలలో తాను ఎవరెవరితో కొట్లాడిందో వాళ్లందరి ఇండ్లకూ పోయి మాట కలుపుకొని రావాలె, అది ఆమె పెట్టుకున్న నియమం. పగ పట్టిన చేతులతో పిసికితే రసం పులుస్తదని ఆమె గట్టి నమ్మకం. మా అమ్మ నోరేమో పెద్దది, కాబట్టి శనివారం తిరగాల్సిన ఇండ్లకూ కొదవ ఉండేది కాదు. ఒకసారి కోడి విషయంలో జగడమైన పక్కింటామె తలుపేసుకుంటే, అమ్మ పొద్దూకేదాకా ఆ గడప ముందటనే కూర్చున్నది, ఇంట్లో గంపెడు పండ్లు అట్లనే ఉన్నయి. ఆఖరుకు ఆమెనే తలుపు తీసి, "ఇగ చాలు తియ్యి, పోయి నీ పండ్లు పిసుక్కోపో" అని నవ్వితే లేచి వచ్చింది.

అమ్మ చేతులు వంకర పోయినంక ఆ పని నాకు వచ్చింది. అప్పటికి నేను బడిలో పంతులమ్మను, దూలపల్లి ఇంటి కోడలిని. తోటల్లో బోర్లు ఎండిపోయినయి, పందిళ్లు పీకేసినరు, ఎక్కడ చూసినా ప్లాట్ల రాళ్లే. మా మరిది చిన్న వయసులోనే గుండె ఆగి చనిపోతే, ఆయన భార్య, అంటే నా యారాలు, ఒక్క ఆడపిల్లతో మా దగ్గరనే ఉండేది. చదువు రాదు, నన్ను సొంత అక్కలెక్క చూసేది. ముగ్గురు అన్నదమ్ములకు కలిసి ఉన్న భూమి అమ్ముదామని మా ఆయన, మా బావగారు అనుకున్నరు, యారాలి వేలిముద్ర కావలసి వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో ఆమె ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టి, "అక్కా, నువ్వు సదువుకున్నదానివి, గిండ్ల ఏం రాసిన్రో జెర చూసి చెప్పవా" అన్నది. చదివిన. భూమిలో తనకూ తన బిడ్డకూ ఏ హక్కూ లేదని, తన ఇష్టంతోనే వదులుకుంటున్నదని రాసి ఉన్నది. మా ఆయన నా దిక్కే చూస్తున్నడు. మేడ్చల్‌లో సొంత ఇల్లు కట్టుకోవాలని నాకు మస్తు ఆశ, అది దాచను. అమ్మకానికి ఒప్పుకున్నట్టు రాసిన్రు, అంతే, పెట్టు వేలు అన్న నేను. పెట్టింది.

ఆ తరువాత వచ్చిన మొదటి ఆదివారానికి ముందు, యారాలికి ఏమీ చెప్పకుండానే గిన్నెలో పండ్లు పోసుకొని పిసికిన. తెల్లారి గిన్నె మూత తీసి వాసన చూసిన, తియ్యగా ఉన్నది. ఆ నెలే కాదు, ఏండ్ల తరబడి నేను తీసిన రసం ఒక్కనాడూ పులవలేదు, పులిసినా బాగుండు. మోసం బయటపడ్డంక యారాలు బిడ్డను తీసుకొని కౌకూర్ పోయి నాలుగిండ్లల్ల అంట్లు తోముకొని బతికింది. ప్రతి శనివారం ఇయ్యాల పోవాలె అనుకునేదాన్ని, ఒకనాడు బడిలో తనిఖీ, ఒకనాడు జ్వరం, ఒకనాడు చుట్టాలు. అబద్ధమాడొద్దని సండే స్కూల్ పిల్లలకు మాత్రం ఏ వారమూ తప్పకుండా చెప్పిన, సిగ్గులేని మనిషిని.

పోయిన వానకాలంలో ఆమె చనిపోయిందని కబురొచ్చింది. కౌకూర్ పోయేసరికి ఆమె బిడ్డ నా మెడ పట్టుకొని ఏడ్చింది. "పెద్దమ్మా, అమ్మ సచ్చిపోయేదాక ఒక్కటే మాట. పాపం అక్కను గూడ మోసం జేసిన్రు బిడ్డా, ఆమె సదివిన కాయితం వేరే, నాతోని వేలు పెట్టించింది వేరే, అక్క నోట అబద్ధం రాదు అనేది." అంతలో అక్కడి చర్చి పాస్టరు అయ్యగారు, పెద్ద దిక్కు మీరే కదా ప్రార్థన చేయండి అన్నరు. చేసిన. అందరూ ఆమేన్ అన్నరు.

నెల తిరగకుండానే నిజం చెప్పేద్దామని మళ్లీ పోయిన. ఆ పిల్ల చాయ్ పెట్టి, నా కాళ్ల దగ్గర కూర్చొని, అమ్మ పోయినంక నాకు నువ్వే ఉన్నవు పెద్దమ్మా అన్నది. చాయ్ తాగి వచ్చేసిన. నిజం తెలిస్తే దానికి ఉన్న ఒక్క పెద్దమ్మ కూడా పోతదని తోవ పొడుగునా నాకు నేను చెప్పుకున్న. అదంతా ఉత్తమాట, భయమే.

అప్పటి నుంచి నేను రసం తీస్తలేను, బల్ల తీసుకుంటలేను. మా చర్చి ఇప్పుడు పెద్దదైంది, ఏసీలు, తెరలు, చెవులదిరే పాటలు, నేను మానేసినంక రసం సీసాలు దుకాణం నుంచే వస్తున్నయి. వెనుకటి రోజుల్లో ఎవరైనా ఒక్క నెల బల్ల తీసుకోకపోతే, సోమవారం పొద్దున్నే అయ్యగారు సైకిలేసుకొని వచ్చి, మంచం మీద కూర్చొని, ఏమైంది బిడ్డా అని అడిగేవాడు. ఆ ఒక్క మాటకే మనుషులు భోరుమని కడుపులో ఉన్నదంతా కక్కేసేవారు. నా అంతట నాకు నోరు రాదని తేలిపోయింది, ఎవరన్నా అడిగితే చెప్పేద్దునని ఇన్ని నెలల నుంచి చూస్తున్న. రొట్టె, రసం పెట్టిన పళ్లెం నా దగ్గరకు వస్తది, ముట్టకుండా పక్కామెకు ఇస్తున్న, ఆమె తీసుకొని అవతలికి ఇస్తది. ఆరాధన అయినంక అందరూ ప్రేమగా చేతులు పట్టుకొని వందనాలమ్మా, మోకాళ్ల నొప్పి తగ్గిందా అని అడుగుతరు. తగ్గింది అని చెప్పి ఇంటికొస్తున్న.